పళ్లు తెల్లబడాలంటే ఎవరి పర్మిషన్ కావాలి?

ఎంగేజ్‌మెంట్‌కి ఇంకా నెల రోజులుంది. ఫోటోగ్రాఫర్ పంపిన ట్రయల్ ఫోటోలు జూమ్ చేసి చూసుకుంటుంటే కొత్త కుర్తా కనపడలేదు, పక్కన నిలబడ్డ అమ్మాయి కూడా కనపడలేదు. నా పళ్లే కనపడ్డాయి. ఐదేళ్లుగా ఆఫీసులో ఫ్రీగా తాగిన కాఫీ అంతా అక్కడే పేరుకుపోయి ఉంది.

మేం ఉండేది అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలో, రాలీ ఊరి పక్కన. నేను వెళ్లే డెంటల్ క్లినిక్‌లో అడిగితే పళ్లు తెల్లగా చేయడానికి 500 డాలర్లన్నారు. ఆ శనివారం మాల్‌కి వెళ్తే ఎస్కలేటర్ పక్కన చిన్న కౌంటర్, ఓ కుర్చీ, నీలం లైటు. అదే పని 129 డాలర్లట. వెంటనే అక్కకి ఫోన్ చేశాను. మా అక్క బీడీఎస్.

"అక్కా, మాల్‌లో పళ్లు తెల్లగా చేస్తున్నారు. చేయించుకోనా?"

"చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా? చల్లవి తాగితే జివ్వుమంటోందా?"

"అలాంటివేం లేవు."

"అయితే నీ ఇష్టం రా. కానీ ఓ విషయం తెలుసా? పదిహేనేళ్ల కిందట అయితే ఈ రాష్ట్రంలో నీకు ఆ కౌంటరే దొరికేది కాదు. డెంటిస్టులు ఉత్తరాలు పంపి మూయించేశారు. చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది."

పళ్ల కోసం సుప్రీంకోర్టా అని నవ్వాను. ఆ రాత్రి తీర్పు డౌన్‌లోడ్ చేసి చదివితే నవ్వు ఆగిపోయింది. ఈ వారం కాలమ్ అదే.

ఎనిమిది మంది బోర్డు

అమెరికాలో డెంటిస్టు లైసెన్స్ ఇచ్చేది ఢిల్లీలాంటి ఒక కేంద్రం కాదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర బోర్డు ఉంటుంది. నార్త్ కరోలినా బోర్డులో ఎనిమిది మంది. అందులో ఆరుగురు ప్రాక్టీస్ చేస్తున్న డెంటిస్టులు. వాళ్లని ఎన్నుకునేది ఎవరనుకున్నారు? రాష్ట్రంలోని మిగతా డెంటిస్టులే. ఏడో మనిషి డెంటల్ హైజీనిస్ట్, ఆ సీటుకి హైజీనిస్టులు ఓటేస్తారు. నాలాంటి పేషెంట్ల తరఫున ఒక్కరు, ఆ ఒక్కరిని గవర్నర్ నియమిస్తాడు.

1990ల్లో అక్కడి డెంటిస్టులు టీత్ వైట్‌నింగ్ మొదలుపెట్టారు. మంచి ఆదాయం. ఈ గొడవ నడిచిన కాలంలో బోర్డులో పనిచేసిన పదిమందిలో ఎనిమిది మంది తమ క్లినిక్‌లలో ఆ పని చేసి డబ్బు సంపాదించినవాళ్లే. 2003 నాటికి డెంటిస్టులు కానివాళ్లు కూడా మార్కెట్లోకి దిగారు. మాల్ కౌంటర్లలో, బ్యూటీ సెలూన్లలో తక్కువ ధరకి చేయడం మొదలెట్టారు. బోర్డుకి ఫిర్యాదులు వెళ్లాయి. వాటిలో జనం ఆరోగ్యం గురించి మాట్లాడినవి కొన్నే. ఎక్కువ భాగం ఏడుపు ఒక్కటే: "వాళ్లు మరీ తక్కువ తీసుకుంటున్నారు."

2006 నుంచి బోర్డు తన అధికారిక లెటర్‌హెడ్ మీద కనీసం 47 ఉత్తరాలు పంపింది. లైసెన్స్ లేకుండా డెంటిస్ట్రీ చేయడం నేరం, వెంటనే ఆపండి అని. కౌంటర్లకి జాగా ఇచ్చిన మాల్ యజమానులకి కూడా ఉత్తరాలు వెళ్లాయి. బ్యూటీషియన్ల లైసెన్స్ చూసే బోర్డుతో కూడా వాళ్ల సభ్యులకి వార్నింగ్ ఇప్పించారు. వైట్‌నింగ్ అంటే డెంటిస్ట్రీయే అని రాష్ట్ర చట్టం స్పష్టంగా చెప్పలేదు. నిజంగా ఆపించాలంటే బోర్డు కోర్టుకి వెళ్లి ఆర్డరు తెచ్చుకోవాలి. కోర్టు దాకా ఎందుకు, ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం చాలదా? చాలింది. కౌంటర్లు మూతపడ్డాయి.

మన ఊళ్లలో పెట్టి చూడండి. నాలుగు టిఫిన్ సెంటర్ల ఓనర్లు కలిసి "టిఫిన్ బోర్డు" అయ్యారు. ఐదోవాడు బండి మీద పది రూపాయలకే నాలుగు ఇడ్లీలు పెడుతున్నాడు. బోర్డు వాళ్లు ప్రభుత్వ స్టాంపుతో కాగితం పంపారు: "ఇడ్లీ వండటం లైసెన్స్ ఉన్నవాళ్ల పని." కంచే చేను మేయడమంటే ఇదే. కాకపోతే ఇక్కడ కంచెకి ప్రభుత్వం రంగు కూడా వేసి ఉంది.

కిస్‌మిస్‌తో మొదలైన కథ

అమెరికాలో పోటీని కాపాడే సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఎఫ్‌టీసీ. 2010లో అది ఈ బోర్డు మీద కేసు పెట్టింది. పోటీదారులు కూడబలుక్కుని ఇంకొకడిని మార్కెట్ నుంచి తరిమేయడం చట్టవిరుద్ధం అన్నది దాని వాదన.

బోర్డు చెప్పిన జవాబు చాలా తెలివైనది: "మేం ప్రభుత్వ సంస్థ. మాకు ఆ చట్టం వర్తించదు."

వాళ్లు ఊరికే అనలేదు. 1943లో పార్కర్ వర్సెస్ బ్రౌన్ అనే కేసులో సుప్రీంకోర్టు ఓ సూత్రం పెట్టింది. కాలిఫోర్నియా రాష్ట్రం కిస్‌మిస్ ధర పడిపోకుండా మార్కెట్‌ని కట్టడి చేస్తే, రాష్ట్రం తన అధికారంతో చేసింది కాబట్టి పోటీ చట్టం అడ్డురాదు అంది. సరే, రాష్ట్రానికి రక్షణ ఉంది. మరి రాష్ట్రం పేరు చెప్పుకుని వ్యాపారులు చేస్తే? దానికి 1980లో మరో కేసులో రెండు షరతులు పెట్టింది. ఒకటి, పోటీని తగ్గించాలన్నది రాష్ట్రం తన విధానంగా స్పష్టంగా చెప్పి ఉండాలి. రెండు, ఆ పనిని రాష్ట్రం నిజంగా దగ్గరుండి పర్యవేక్షిస్తూ ఉండాలి.

డెంటిస్టుల బోర్డు దగ్గర రెండోది లేదు. ఆ 47 ఉత్తరాలు పంపే ముందు వాటిని చదివి, సరేననో వద్దనో చెప్పిన ప్రభుత్వ అధికారి ఒక్కడూ లేడు.

2015 ఫిబ్రవరి 25న సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఎఫ్‌టీసీ పక్షాన తీర్పిచ్చింది. రాసింది జస్టిస్ ఆంథనీ కెనడీ. సారాంశం ఇది: బోర్డు నిర్ణయాలు చేసేవాళ్లలో నడిపించే సంఖ్య ఆ వ్యాపారంలోనే ఉన్నవాళ్లదైతే, పేరుకి ప్రభుత్వ సంస్థ అయినా సరే, రాష్ట్రం పర్యవేక్షణ లేనిదే వాళ్లకి రక్షణ ఉండదు.

ఎల్‌జీటీఎం కొడితే రివ్యూ కాదు

పర్యవేక్షణ అంటే ఏంటో కూడా కోర్టు చెప్పింది. ఆ పేరా చదువుతుంటే మా టీమ్‌లో కోడ్ రివ్యూ రూల్స్ చదువుతున్నట్టే అనిపించింది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి చటుక్కున అర్థమవుతుంది, మిగతావాళ్లకి ముందు ఒక్క మాట. మేం రాసిన కోడ్ నేరుగా ప్రొడక్షన్‌లోకి పోదు. పుల్ రిక్వెస్ట్ పెడతాం, ఇంకొకరు చూసి ఒప్పుకోవాలి.

మొదటిది, పర్యవేక్షించేవాళ్లు నిర్ణయంలోని అసలు విషయం చూడాలి. ఫారాలు నింపారా, మీటింగ్ టైముకి పెట్టారా అని చూస్తే చాలదు. అంటే ఫైలు తెరవకుండా "ఎల్‌జీటీఎం" అని కొట్టి పంపిస్తే అది రివ్యూ కాదు. శుక్రవారం సాయంత్రం నేనూ ఆ పాపం చేశాను, ఒప్పుకుంటున్నాను.

రెండోది, కొట్టేసే అధికారం, మార్చే అధికారం వాళ్లకి ఉండాలి. కామెంట్ పెట్టడం తప్ప ఆపలేని రివ్యూయర్ ఉన్నా లేనట్టే.

మూడోది, "కావాలంటే ఎప్పుడైనా చూడొచ్చు" అన్న అవకాశం ఉంటే సరిపోదు. నిజంగా చూసి ఉండాలి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. చూసేవాడు అదే మార్కెట్లో వ్యాపారం చేస్తున్నవాడు కాకూడదు. మీ పుల్ రిక్వెస్ట్‌ని మీరే అప్రూవ్ చేసుకోలేరు కదా!

అమ్మమ్మ పన్ను

ఇదంతా చదివి పొద్దున్నే అక్కకి ఫోన్ చేసి ఉపన్యాసం ఇచ్చాను. ఈ లైసెన్సులన్నీ దోపిడీ, అన్నీ ఎత్తేయాలి అన్నాను. నా దగ్గర ఉదాహరణలు కూడా ఉన్నాయి. లూసియానాలో పువ్వులు బొకేలా కట్టి అమ్మడానికి కూడా లైసెన్స్ పరీక్ష ఉండేది. టెక్సాస్‌లో దారంతో కనుబొమలు చేసేవాళ్లని 750 గంటల కోర్సు చదవమన్నారు. మన అమ్మాయిలు కాలేజీ రోజుల నుంచి వీధి చివర పార్లర్‌లో చేయించుకునే థ్రెడింగే! ఆ 750లో 320 గంటల దాకా థ్రెడింగ్‌కి సంబంధమే లేని పాఠాలని తేల్చి, 2015 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ రూల్‌ని కొట్టేసింది. 1950ల్లో అమెరికాలో పనిచేసేవాళ్లలో 5 శాతం మందికి కూడా రాష్ట్ర లైసెన్స్ అవసరం ఉండేది కాదు. 2015లో వైట్‌హౌస్ విడుదల చేసిన నివేదిక ప్రకారం అది పావు వంతు దాటింది.

అక్క అంతా విని ఒక్క మాట అంది.

"ఒరేయ్, అమ్మమ్మ పన్ను గుర్తుందా?"

గుర్తుంది. తెనాలి పక్క మా ఊళ్లో, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు. సంతకి వచ్చినవాడు ముందు పన్ను ఊడిన చోట కొత్త పన్ను పెడతానని కూర్చోబెట్టాడు. ఏదో పొడి, ద్రవం కలిపి, తీగ చుట్టి, పక్క పళ్లకి అతికించేశాడు. తీసుకున్నది 300 రూపాయలు. అమ్మమ్మ అద్దంలో చూసుకుని ఎంత మురిసిపోయిందో. నాలుగు నెలలకి చిగురు వాచి చీము పట్టింది. దాన్ని కోసి తీసినప్పుడు పక్కనున్న రెండు మంచి పళ్లు కూడా పోయాయి. ఆ తర్వాత వారం రోజులు గంజి తాగించింది అక్కే. బీడీఎస్ చదవాలని అప్పుడే అనుకుందని ఇంట్లో అందరికీ తెలుసు.

"వాడికి లైసెన్స్ అడిగేవాడు ఒకడుంటే అమ్మమ్మ పళ్లు ఉండేవి," అంది అక్క. "తాళం వద్దని నేను అనను రా. తాళం చెవి ఎవరి దగ్గరుందన్నదే అడుగుతాను."

నేను రాత్రంతా చదివినదాంట్లో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

తీర్పుతో విభేదించిన ముగ్గురు జడ్జిల మాటలో కూడా పస ఉంది. వాళ్ల తరఫున రాసింది జస్టిస్ శామ్యూల్ అలిటో. డాక్టర్ల బోర్డులో డాక్టర్లు, డెంటిస్టుల బోర్డులో డెంటిస్టులు ఉండటం కొత్త కాదు, మొదటి నుంచీ ఉన్నదే. రాష్ట్రం చట్టం చేసి పెట్టిన సంస్థ రాష్ట్ర సంస్థ కాకుండా ఎలా పోతుంది? బోర్డులో ఎంతమంది వ్యాపారంలో ఉంటే గీత దాటినట్టు? ఇవీ ఆయన ప్రశ్నలు. ఇంకో భయం కూడా ఉంది. ఏ రూట్ కెనాల్ సరిగ్గా చేశారో, ఏది పాడుచేశారో ఒక ఐఏఎస్ లాంటి అధికారికి ఏం తెలుస్తుంది? తెలిసినవాళ్లని పక్కనపెడితే తెలియనివాళ్లు రాజ్యం చేస్తారు.

అందుకే కోర్టు డెంటిస్టుల్ని బోర్డులోంచి దిగిపొమ్మనలేదు. మీ నైపుణ్యం కావాలి, కానీ మీ పోటీదారుడి పొట్ట మీద కొట్టే నిర్ణయం అయితే, ఆ వ్యాపారంతో సంబంధం లేని ఒకరు చదివి సంతకం పెట్టాలి అంది. అంతే.

తర్వాత ఏం జరిగింది

రాష్ట్రాలు మేల్కొన్నాయి. అదే ఏడాది అక్టోబర్‌లో ఎఫ్‌టీసీ సిబ్బంది మార్గదర్శకాలు విడుదల చేశారు. 2016లో జార్జియా రాష్ట్రం బోర్డుల రూల్స్‌ని పరిశీలించి ఆపే అధికారం గవర్నర్‌కి ఇస్తూ చట్టం చేసింది. 2017లో మిసిసిపీ రాష్ట్రం గవర్నర్, సెక్రటరీ ఆఫ్ స్టేట్, అటార్నీ జనరల్ ముగ్గురితో ఒక కమిషన్ పెట్టింది. బోర్డులు కొత్త రూల్ తేవాలంటే వాళ్ల ముందుకి రావాలి.

ఫోన్లో డాక్టర్‌తో మాట్లాడించే టెలడాక్ అనే కంపెనీ టెక్సాస్ మెడికల్ బోర్డు మీద ఇదే దారిలో కోర్టుకెక్కింది. ముందు ఒకసారి ముఖాముఖి చూడందే మందు రాయకూడదన్నట్టుగా బోర్డు రూల్ బిగించింది, ఆ బోర్డులో ఎక్కువమంది డాక్టర్లే. 2017లో టెక్సాస్ చట్టమే మారడంతో ఆ గొడవ ముగిసింది. ఈరోజు వీడియో కాల్‌లో డాక్టర్‌ని చూపించుకోవడం మనకి మామూలైపోయింది కానీ, దానికి కూడా ఇలాంటి గేటు ఒకటి అడ్డం ఉండేది.

"మరి ఇండియాలో?" అని మీరు అడుగుతారని తెలుసు. ఎక్కువగా డాక్టర్లే డాక్టర్లని ఎన్నుకుని నడిపిన మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాని రద్దు చేసి, 2020 సెప్టెంబర్‌లో నేషనల్ మెడికల్ కమిషన్‌ని పెట్టారు. ఎక్కువమందిని ప్రభుత్వం నియమిస్తుంది. ఇది రెండో చివర. అక్కడ ఆ వృత్తివాళ్ల చేతిలో అంతా ఉండటం సమస్య అయితే, ఇక్కడ ప్రభుత్వం చేతిలోకి అంతా పోతోందన్నది డాక్టర్ల సంఘాల ఆందోళన. ఇక లైసెన్స్ బోర్డు కాకపోయినా కంచెలా ప్రవర్తించిన సంఘాలున్నాయి. మందుల కంపెనీ కొత్త స్టాకిస్ట్‌ని పెట్టుకోవాలంటే కెమిస్టుల సంఘం ఎన్‌ఓసీ ఉండాలన్న పద్ధతి ఏళ్ల తరబడి నడిచింది. 2013లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా దాన్ని తప్పుపట్టి, అఖిల భారత కెమిస్టుల సంఘానికి జరిమానా వేసింది.

అక్క సంగతి

ఇంతవరకూ చెప్పని విషయం ఒకటుంది. అక్క ఇప్పుడు డెంటిస్టు కాదు.

విజయవాడలో మూడేళ్లు ప్రాక్టీస్ చేసింది. పెళ్లయి బావతో ఇక్కడికొచ్చాక ఓ క్లినిక్‌లో డెంటల్ అసిస్టెంట్. డాక్టర్ చెయ్యి చాపితే పరికరం అందిస్తుంది, ఉమ్మి పీల్చే ట్యూబు పట్టుకుంటుంది. తను వందలసార్లు చేసిన ఫిల్లింగ్‌ని వేరేవాళ్లు చేస్తుంటే చూస్తూ నిలబడుతుంది. ఇక్కడ లైసెన్స్ కావాలంటే మామూలుగా మన బీడీఎస్ చాలదు. జాతీయ పరీక్ష రాసి, ఇక్కడి గుర్తింపు ఉన్న కాలేజీలో ఇంకో రెండు మూడేళ్లు చదవాలి. ఫీజు చాలాచోట్ల లక్ష డాలర్లు దాటుతుంది. సీట్లు తక్కువ. రాలీ, డల్లాస్, న్యూజెర్సీ ఎక్కడ చూసినా మన తెలుగు బీడీఎస్ అమ్మాయిలు ఇదే లెక్క వేసుకుంటూ కనపడతారు. కొందరు లెక్క వదిలేసి టెస్టింగ్ కోర్సులో చేరిపోయారు.

"ఈ తీర్పు నీకేమైనా పనికొస్తుందా?" అని అడిగాను.

"లేదు," అంది. నిజమే. పోటీ చట్టం పట్టుకునేది పర్యవేక్షణ లేని బోర్డుని. ఎంత చదివితే లైసెన్స్ అన్నది రాష్ట్ర చట్టసభే రాసేస్తే అది రాష్ట్రం నిర్ణయం. కిస్‌మిస్ కేసు సూత్రం మళ్లీ అక్కడ కాపలా కాస్తుంది. దాన్ని మార్చాలంటే కోర్టుకి కాదు, ఓటు వేసేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. మార్పు అసాధ్యం కాదు. విదేశాల్లో చదివి అనుభవం ఉన్న డాక్టర్లు ఇక్కడ రెసిడెన్సీ మళ్లీ చేయకుండా పర్యవేక్షణలో పనిచేసే దారిని 2023లో టెన్నెసీ చట్టం చేసి తెరిచింది. కొన్ని ఇతర రాష్ట్రాలు కూడా ఆ బాట పట్టాయి. అది ఎంబీబీఎస్ వాళ్లకి. పళ్ల డాక్టర్లకి ఆ తలుపు ఇంకా అంతగా తెరుచుకోలేదు.

నాకు కోపం వచ్చింది. అక్కకి రాలేదు. "ఇక్కడి పద్ధతులు వేరు, మత్తు మందులు వేరు, రికార్డులు వేరు. కొంత నేర్చుకోవాల్సిందే. ఒక ఏడాది అంటే నేనే నమస్కారం పెట్టి చదువుతాను. మూడేళ్లు, లక్షల అప్పు అన్నప్పుడే అనుమానం వస్తుంది, ఇది పేషెంటు కోసమా, సీటులో ఉన్నవాళ్ల కోసమా అని. అది తేల్చేది సీటులో ఉన్నవాళ్లే కాకూడదు. అంతే నేనడిగేది."

నా వరకూ చూస్తే సాఫ్ట్‌వేర్‌లో ఏ లైసెన్సూ లేదు. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది కానీ, అది లేనివాడు నాకన్నా బాగా కోడ్ రాసినా ఎవరూ ఆపరు. ఆ గేటు లేకపోవడం వల్లే నేను 22 ఏళ్లకే జీతం చూశాను. రేపు ఏఐ భయంతో మాలో కొందరు "కోడ్ రాయాలంటే లైసెన్స్ ఉండాలి, బోర్డులో మేమే ఉంటాం" అన్నారనుకోండి. మొదట సంతకం పెట్టేది నేనేనేమో. అందుకే ఎవరో ఒకరు బయటి నుంచి చూడాలి. డెంటిస్టులు చెడ్డవాళ్లని కాదు. అక్కడ మనం కూర్చున్నా అదే ఉత్తరం రాస్తాం.

మాల్‌లో వైట్‌నింగ్ చేయించుకున్నాను. రెండు రోజులు చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంది, మూడో రోజుకి తగ్గింది. ఫోటోలు బాగానే వచ్చాయి. అక్క జూమ్ చేసి చూసి, "కింద వరసలో ఎడమ పక్కది ఫిల్లింగ్ చేయించుకో," అంది.

"నువ్వే చేసెయ్యి."

"ఆగు, మూడేళ్లు పడుతుంది."

అలా తెలిసింది నాకు, ఆమె అప్లికేషన్ పెట్టిందని. వచ్చే నెల ఇంటర్వ్యూ. పిలుపొస్తే కాలేజీ పక్క రాష్ట్రంలో, ఇంటికి వచ్చేది వారానికోసారి. బావా, నేనూ కూర్చుని పాపని డేకేర్ నుంచి ఎవరు ఎప్పుడు తీసుకురావాలో షీట్ వేశాం. మంగళ, గురువారాలు నావి.